మరుగు తొట్టిలో సంకేత పట్టిక

జిగురు పట్టిందో లేదో తెలుసుకోవాలంటే ప్లైవుడ్ ముక్కను డెబ్బై రెండు గంటలు మరిగే నీళ్ళలో ఉంచాలి. తరువాత తీసి, చల్లార్చి, పొరల మధ్యకు కత్తి మొన దూర్చి బలంగా విప్పాలి. పొరలు నున్నగా విడిపోతే జిగురు చెడ్డది. చెక్క నార చిరిగి, పొరకు పొర అంటుకునే ఉంటే జిగురు మంచిది. నేను ముప్పయ్యేళ్ళకు పైగా చేసిన ఉద్యోగాన్ని ఈ నాలుగైదు వాక్యాలలో చెప్పవచ్చు. ప్రయోగశాలల్లో కొత్తగా చేరుతున్న మీకోసం ఏదైనా రాయమన్నప్పుడు జిగురు గురించే రాద్దామనుకున్నాను. కాని జిగురు విషయంలో నేను చేసిన తప్పులన్నీ రిజిస్టర్లలోనే దిద్దుబాటయ్యాయి. దిద్దుబాటు కాని తప్పు ఒకటుంది. దాని గురించి రాస్తాను.

ముందుగా ఒక హెచ్చరిక. ఆనాటి కాగితాలేవీ నా వద్ద లేవు. వాటిలో ముఖ్యమైనదాన్ని నేనే నాశనం చేశాను. అందువల్ల చూసినదాన్ని చూశానని, విన్నదాన్ని విన్నానని, గుర్తులేనిదాన్ని గుర్తులేదని విడదీసి చెబుతాను.

మా కర్మాగారం భద్రాచలం వెళ్ళే దారిలో, మణుగూరుకు ఇవతల, అడవి అంచున ఉండేది. ఇప్పుడు లేదు. యంత్రాలు పాత ఇనుముగా తరలిపోయాయి. కాలనీ క్వార్టర్లలో కొన్నింటి గోడలు మిగిలాయని ఈ మధ్య ఆ దారిన వెళ్ళినవారు చెప్పారు. నేను చూడలేదు. తొంభైల చివరి సంవత్సరాలలో మాత్రం అది నిండుగా ఉన్న ఊరు. వేసవి మొదట్లో ఇప్పపూల వాసన, ఏడాది పొడవునా జిగురు వాసన. వానాకాలంలో గోదావరి పొంగితే రోడ్డు మునిగి, వార్తాపత్రికలు మూడేసి రోజులవి ఒకేసారి వచ్చేవి. సాయంత్రం కాలక్షేపానికి క్లబ్బు, క్లబ్బు మేడ మీద ఒక డిష్. ఆ డిష్ పట్టిన ఛానళ్ళే తీగల ద్వారా ప్రతి క్వార్టరుకూ వెళ్ళేవి. సిగ్నల్ అంటే ఏమిటో తెలిసినవాడినని నన్ను క్లబ్బు టీవీ కమిటీకి కార్యదర్శిని చేశారు. పగలు ప్రయోగశాలకు, సాయంత్రం ఆ డిష్‌కు నేనే బాధ్యుణ్ణి.

ప్రయోగశాలలో నా కింద ఒక అనలిస్టు ఉండేది. ఇల్లందు వైపు తండా నుంచి వచ్చి, వాళ్ళ వాడలో మొదటిసారిగా బీఎస్సీ పూర్తిచేసిన అమ్మాయి. అప్పటికి ముప్పయ్యేళ్ళు దాటి ఉంటాయి. కత్తి పరీక్షలో ఆమె చేతికి సాటి లేదు. చేరిన ఏడాదే నా లెక్కలో దశాంశ బిందువు తప్పు చూపించి, "సార్, కోపం జేస్తరా, దిద్దుకుంటరా?" అని అడిగింది. దిద్దుకున్నాను. ఆమె కాలనీ దవాఖానాలో పనిచేసే నర్సుతో కలిసి ఒకే క్వార్టరులో ఉండేది. పెళ్ళికాని ఉద్యోగినులకు ఇద్దరికి ఒక క్వార్టరు ఇవ్వడం మా కంపెనీ పద్ధతి. అందులో ఎవరూ వింత చూడలేదు.

నేను ప్రయోగశాలలో పెట్టిన నియమాలు రెండు. మొదటిది, ఏ ముక్క ఏ షిఫ్టులో తయారైందో పరీక్షించేవారికి తెలియకూడదు. అందుకని ముక్కలకు సంకేత సంఖ్యలు వేసి, ఏ సంఖ్య ఏ షిఫ్టుదో చెప్పే పట్టికను నా సొరుగులో ఉంచేవాణ్ణి. రెండవది, రాతలో లేనిది జరిగినట్టు లెక్క కాదు. ప్రెస్ విభాగం ఫోర్‌మన్ యూనియన్ నాయకుడు కూడా. తన బ్యాచును నేను తిరగ్గొట్టినప్పుడల్లా వచ్చి, "నాకు యాదికున్నది సార్, గ్లూ మంచిగనే కలిపిన" అనేవాడు. "యాది రిజిస్టరులో లేదు" అనేవాణ్ణి. అతడు నన్ను తిట్టుకుంటూ వెళ్ళేవాడు. ఆ తిట్లు విన్నాను కాబట్టి వాటికి నేనే సాక్షిని.

ఆ రోజుల్లో ఒక ఇంగ్లీషు ఛానల్లో వారానికొకసారి ఒక అమెరికా హాస్య ధారావాహిక వచ్చేది. కాలనీలో దాన్ని చూసేవాళ్ళు పదిమందికి మించరు. మా అనలిస్టు ఇంగ్లీషు నేర్చుకోవడానికని చూసేది. మరునాడు నీళ్ళు మరుగుతుండగా ఇద్దరం అందులోని మాటలు చెప్పుకొని నవ్వుకునేవాళ్ళం. ఒక వారం రాబోయే భాగం గురించి పత్రికల్లో పెద్ద చర్చ వచ్చింది. సొంత దేశంలో ప్రసారమైనప్పుడే అది అలజడి రేపిందట. ఆ భాగంలో నాయిక తాను మగవాళ్ళను కాక ఆడవాళ్ళనే ప్రేమించగలనని పైకి చెబుతుంది. అమెరికాలో కోట్లమంది చూశారని ఒక పత్రిక రాసింది. ఆ సంఖ్యను నేను పరిశీలించలేను. మా క్లబ్బు హాల్లో ఆ సాయంత్రం కుర్చీలు చాలక కొందరు నిలబడ్డారన్నది మాత్రం చూశాను.

ప్రకటనల విరామం తరువాత ఆ నాయిక తడబడుతూ, నవ్వుతూ, చివరికి ఆ మాట చెప్పింది. టీవీలోని ప్రేక్షకులు నవ్వి చప్పట్లు కొట్టారు. మా హాల్లో ఎవరికీ ఎక్కడ నవ్వాలో తెలియలేదు. ముందు వరుసలో ఫోర్‌మన్, అతని పక్కన స్టోర్స్ గుమాస్తా కూర్చున్నారు. గుమాస్తాది కోస్తా నుంచి సత్తుపల్లి వచ్చి స్థిరపడిన రైతు కుటుంబం. అతనికి ఇంగ్లీషు కొంత వచ్చు.

"ఏమన్నది గామె?" అని ఫోర్‌మన్ అడిగాడు.

"పెళ్ళి చేసుకోనంటోంది."

"గంతేనా! మా మరదలు ఏడేండ్ల సంది గదే అంటున్నది. దానికి ఇంతమంది ఎందుకు నవ్వుతున్నరు?"

"మగాణ్ణి చేసుకోనంటోందయ్యా."

"మరి?"

గుమాస్తా ఆడవాళ్ళ కుర్చీల వైపు ఒకసారి చూసి, ఫోర్‌మన్ చెవిలో ఏదో చెప్పాడు. ఫోర్‌మన్ టీవీ వైపు చూసి, మళ్ళీ గుమాస్తా వైపు చూశాడు. తరువాత, తాను అనుకున్నదానికంటే గట్టిగా, "మరి వాళ్లింట్ల ఎరికేనా?" అన్నాడు. హాలంతా అప్పుడు నవ్వింది.

మా అనలిస్టు వెనక, తలుపు దగ్గర గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. ఆమె వచ్చినప్పుడు చూశాను, అంతే. నాయిక ఆ మాట చెప్పిన క్షణంలో నేను ఎటు చూస్తున్నానో నాకు గుర్తులేదు. రిసీవరు పక్కనే నిలబడ్డాను కాబట్టి సిగ్నల్ మీటరు వైపు చూస్తూ ఉండి ఉంటాను.

వారం తిరక్కుండా స్టోర్స్ గుమాస్తా సంతకాలు సేకరించి వెల్ఫేర్ ఆఫీసరుకు అర్జీ ఇచ్చాడు. ఆ ఛానల్ తీసెయ్యాలి, పిల్లలు చెడిపోతున్నారు. ఏ పిల్లలు అని అడిగాను. బడికి వెళ్ళే ఇద్దరు ఆడపిల్లలు చేయీ చేయీ పట్టుకుని నడుస్తున్నారని చెప్పాడు. వెళ్ళి విచారించాను. వాళ్ళు ఒకటో తరగతి నుంచీ అలాగే నడుస్తున్నారు, కల్వర్టు దగ్గర కరిచే కుక్క ఉంది కాబట్టి. ఆ సంగతి కమిటీకి లిఖితపూర్వకంగా తెలియజేశాను. ఎవరూ నవ్వలేదు. వెల్ఫేర్ ఆఫీసరు మా కమిటీకి అధ్యక్షుడు. "మీ కుక్క సంగతి సరే, జనం ఏమనుకుంటున్నారో తెలియాలి కదండీ" అన్నాడు. అది నాకు నచ్చిన ప్రశ్న. చీటీల ద్వారా అభిప్రాయం సేకరిద్దామన్నాను.

చీటీ మీద నాలుగు ప్రశ్నలు పెట్టాను. ఆ భాగం చూశారా? అందులో నాయిక పడవ మీద పాట పాడే దృశ్యం ఎలా ఉంది? ఛానల్ ఉంచాలా, తియ్యాలా? మీరు చెప్పదలచిన మాట ఏమిటి? ఆ భాగంలో పడవ లేదు, పాట కూడా లేదు. చూడనివారిని పట్టుకోవడానికి పెట్టిన ప్రశ్న అది. చీటీ పైన పెద్ద అక్షరాలతో, "పేరు రాయవద్దు. ఎవరి చీటీ ఏదో ఎవరికీ తెలియదు" అని వేయించాను.

ఆ వాక్యం రాసిన చేత్తోనే ప్రతి చీటీ అంచున సన్నని సూదితో రంధ్రాలు గుచ్చాను. రంధ్రాల వరుసను బట్టి ఒక సంఖ్య, ఆ సంఖ్య ఏ క్వార్టరుదో చెప్పే పట్టిక నా సొరుగులో. అంతకుముందు నల్లా నీళ్ళ వేళల గురించి చీటీలు పెట్టినప్పుడు ఒకే ఇంటి నుంచి అరడజను చీటీలు వచ్చాయి. ఈసారి అది జరగకూడదనుకున్నాను. పట్టిక చూసేది నేనొక్కణ్ణే, అదీ అనుమానం వస్తేనే. కాబట్టి ఇచ్చిన మాట తప్పినట్టు కాదని నాకు నేను చెప్పుకున్నాను. ముక్కలకు సంకేతాలు వేసి వేసి, మనుషులకు కూడా వేయవచ్చుననిపించింది. ఇది నా మొదటి తప్పు. యువ మిత్రులారా, దీన్ని తప్పుగా గుర్తించడానికి నాకు చాలా కాలం పట్టింది.

చీటీలు వచ్చాయి. ఒకరు "ఇంగ్లీషు రాదు, అందరూ నవ్వుతుంటే నేనూ నవ్వుతాను, ఉంచండి" అని రాశారు. ఒకరు ఆ వేళకు క్రికెట్ పెట్టమన్నారు. ఒకరు మళ్ళీ నల్లా నీళ్ళ గురించే రాశారు. ఛానల్ తియ్యమన్నవారిలో సగానికి మించి పడవ పాట చూశామన్నారు. అది అసభ్యంగా ఉందని కూడా కొందరు రాశారు. ఉంచమన్నవారిలో సైతం ముగ్గురు పడవ పాట బాగుందన్నారు. అబద్ధం ఏ ఒక్క పక్షం సొత్తూ కాదు.

ఆ చీటీల మధ్య ఒకటి ఉంది. అక్షరాలు విడివిడిగా, సీసాల మీది లేబుళ్ళలా ఉన్నాయి. "పడవ దృశ్యం ఏదీ లేదు. ఆమె చెప్పింది నా మాట కూడా. నేను ఇక్కడే, మీ మధ్యనే ఉన్నాను. ఈ మాటను నేను ఇంతకుముందు ఎవరి నోటా వినలేదు. ఛానల్ తియ్యకండి."

ఆ చీటీ విషయంలో అనుమానం ఏమీ లేదు. అయినా కిటికీ వెలుతురుకు పట్టి రంధ్రాలు లెక్కపెట్టాను. పట్టిక తీసి చూశాను. మా అనలిస్టు, నర్సు ఉండే క్వార్టరు. ఇద్దరిలో ఎవరన్నది పట్టిక చెప్పదు. ప్రయోగశాల సీసాలకు మా అనలిస్టు రాసే లేబుళ్ళు చెప్పాయి. రెండవ తప్పు అదే. తెలుసుకోగలిగి ఉండి తెలుసుకోకుండా ఉండడం నాకు చేతకాలేదు.

మూడవ తప్పు నా వృత్తి నేర్పినది. మిగతావాటికి భిన్నంగా వచ్చిన ఫలితాన్ని దాచకూడదని నేను అందరికీ నూరిపోసినవాణ్ణి. నివేదికలో అందరి మాటలూ చేర్చి, ఆ చీటీ మాటలనూ యథాతథంగా చేర్చాను. గురువారం అది క్లబ్బు నోటీసు బోర్డు మీదికి ఎక్కింది. సాయంత్రానికి బోర్డు ముందు గుంపు. పడవ పాట సంగతి ఎవరికీ పట్టలేదు. "మీ మధ్యనే" అన్న మాటను వేలితో చూపించుకుంటూ, పెళ్ళికానివాళ్ళ పేర్లన్నీ వరసగా చెప్పుకున్నారు.

శుక్రవారం వెల్ఫేర్ ఆఫీసరు నన్ను పిలిపించాడు.

"ఒక్కొక్కరు రెండేసి వెయ్యలేదని ఏమిటి నమ్మకం?" అన్నాడు.

నా పద్ధతిని ఎవరైనా శంకిస్తే ఊరుకోలేను. రంధ్రాల సంగతి గర్వంగా చెప్పేశాను. చెప్పిన తరువాత ఆయన ముఖం చూసి ఏం చేశానో అర్థమైంది.

"అయితే ఆ చీటీ ఏ క్వార్టరుదో మీ దగ్గర ఉందన్నమాట" అన్నాడు. "సోమవారం ఆరింటికి కమిటీ. పట్టిక పట్టుకురండి. కంపెనీ క్వార్టర్లో ఎవరుంటున్నారో తెలుసుకునే హక్కు మాకుంది. తెలిస్తే ఖాళీ చేయించక తప్పదు. ఆ తర్వాత ఉద్యోగం సంగతి పైవాళ్ళు చూసుకుంటారు."

"పేరు ఎవరికీ తెలియదని రాశాము కదండీ."

"రాసింది మీరు, మేము కాదు."

ఆయన చెడ్డవాడు కాడు. గొడవ తన దాకా రాకుండా ఉండాలని కోరుకునే మనిషి. అలాంటివారి చేతికి పట్టిక వెళితే ఏమవుతుందో ఊహించడానికి ప్రయోగం అక్కరలేదు. ఇద్దరు ఆడవాళ్ళు సామాను లారీకెక్కించుకుంటారు. ఒకరు తండాకు, మరొకరు మరో ఊరికి. ఎందుకో అందరికీ తెలిసిపోయి ఉంటుంది.

ఆ రోజు అయిదు గంటలకు మా అనలిస్టు మరుగు తొట్టిలో కొత్త ముక్కలు వేసి, మూత పెట్టి, సమయం రిజిస్టరులో రాసి వెళ్ళింది. ఆమె వెళ్ళాక సొరుగులోంచి పట్టిక తీశాను. చించితే ముక్కలు అతికించవచ్చు. తగలబెడితే పొగ. ప్రయోగశాలలో పొగ వస్తే దానికీ రిజిస్టరులో కారణం రాయాలి. తొట్టి మూత తీసి, పట్టికను ప్లైవుడ్ ముక్కల మధ్యకు జారవిడిచాను. కాగితం డెబ్బై రెండు గంటల పరీక్షకు నిలవదు. ఈ ఒక్క విషయంలో ఫలితం ముందే తెలుసు. చీటీలను కూడా వేశాను.

శనివారం ఉదయం ఆమె మామూలుగానే వచ్చింది. శుక్రవారం తొట్టిలోంచి తీసి చల్లార్చిన ముక్కలను బల్ల మీద పరిచింది. తరువాత, గాజుగొట్టాలు కడుగుతూ, నా వైపు చూడకుండా అంది.

"బోర్డు మీద మీ రిపోర్టు సదివిన సార్."

"ఊ."

"ఆ చీటీ గూడ ఏసిండ్రు."

"అది డేటా అమ్మా. దాచకూడదు."

"అవ్ సార్. డేటానే."

ఆ పూట ఆమె కత్తి పరీక్షలో ఒక ముక్కకు తప్పు గుర్తు వేసింది. ఏడేళ్ళలో మొదటిసారి. నేను చెప్పకుండా దిద్దాను. దిద్దినట్టు రిజిస్టరులో రాయలేదు. నా నియమాన్ని నేను మీరడం అదీ మొదటిసారే.

సోమవారం అయిదింటికి ఆమె తొట్టి మూత తీసింది. నేను బల్ల దగ్గర ఉన్నాను. పటకారుతో మొదటి ముక్క పైకెత్తి, దానికి అంటిన తెల్లని పీచును వేలితో తీసి చూసింది. నీళ్ళలోకి వంగి చూసింది. అక్కడక్కడా నీలి సిరా మరక మిగిలిన గుజ్జు తేలుతూ ఉండి ఉంటుంది. నేను లేచి చూడలేదు.

"సార్" అంది. "నీళ్లల్ల కాయితం పడ్డది. ఈ టెస్టు చెల్లది."

"చెల్లదు."

"మల్ల పెట్టాల్నా?"

"మళ్ళీ పెట్టు. కొత్త నీళ్ళతో."

ఆమె తొట్టి వంచి నీళ్ళు పారబోసింది. మూడుసార్లు కడిగింది. కొత్త ముక్కలు వేసి, సమయం రాసి, కారణం గడిలో ఏమీ రాయకుండా రిజిస్టరు నా ముందు పెట్టింది. నేను సంతకం చేశాను.

ఆరు గంటలకు క్లబ్బులో కమిటీ కూర్చుంది. వెల్ఫేర్ ఆఫీసరు, స్టోర్స్ గుమాస్తా, యూనియన్ తరఫున ఫోర్‌మన్, నేను. కిటికీల బయట చాలామంది. నేను మొదట పడవ పాట సంగతి చదివి వినిపించాను. అర్జీ మీద సంతకాలు చేసినవారిలో ఎంతమంది ఆ భాగం చూసి ఉంటారో ఆలోచించమన్నాను.

"ఎందుకండీ ఈ తిరకాసు?" అన్నాడు గుమాస్తా. "పడవ పాట నేను కళ్ళారా చూశాను."

"ఆ భాగంలో పడవ లేదండీ."

"అయితే వేరే భాగంలో ఉంటుంది."

"సరే సరే" అన్నాడు వెల్ఫేర్ ఆఫీసరు. "పట్టిక ఇవ్వండి."

"లేదండి."

"ఎక్కడ పోయింది?"

"ఉడికించాను."

కిటికీల బయట ఎవరో పకపకా నవ్వారు. వెల్ఫేర్ ఆఫీసరు నవ్వలేదు. "వేళాకోళమా?"

"కాదండి. శుక్రవారం సాయంత్రం అయిదు నుంచి ఈ సాయంత్రం అయిదు వరకు. చీటీలు కూడా. ఎవరి చీటీ ఏదో ఎవరికీ తెలియదని రాశాము. అది నిజం కాలేదు. ఇప్పుడు నిజం చేశాను."

"కాగితం పోతే పోయింది. మీరు చూశారు కదా. మీకు గుర్తుంటుంది. చెప్పండి."

గుర్తుంది. క్వార్టరు నంబరు ఇప్పటికీ గుర్తుంది. నాకు గుర్తులేదని ఆయనతో అంటే అది అబద్ధమవుతుంది. అబద్ధానికి నేను సిద్ధపడే వెళ్ళాను. కాని నోటికి ఇరవై ఏళ్ళుగా చెబుతున్న మాటే వచ్చింది. "రాతలో లేనిదాన్ని నేను సాక్ష్యంగా ఇవ్వను."

"ఇది జిగురు కాదండీ!" అన్నాడు వెల్ఫేర్ ఆఫీసరు, బల్ల మీద చరిచి.

అప్పుడు ఫోర్‌మన్ లేచాడు. అతడు ఏ పక్షమో నాకు తెలియదు. అర్జీ మీద అతని సంతకం కూడా ఉంది.

"ఒక్క నిమిషం సార్" అన్నాడు వెల్ఫేర్ ఆఫీసరుతో. "గీ సారు పోయినేడు నా మూడు బ్యాచులు వాపస్ కొట్టిండు. నాకు యాదికున్నది, మంచిగ కలిపిన అని మొత్తుకున్న. యాది రిజిస్టర్ల లేదన్నడు. మూడు బ్యాచులు సార్! మా షిఫ్టోళ్ల మొఖం ఎత్తకుంట జేసిండు. ఇయ్యాల ఈయన యాదిని మీరు లెక్కల వెట్టుకుంటె, నా యాదిని గూడ వెట్టుకోవాలె. నా మూడు బ్యాచులు నాకు వాపస్ ఇప్పియ్యిండ్రి. ఇప్పుడే రాసియ్యిండ్రి."

బయట జనం విరగబడి నవ్వారు. ఎవరో "ఇప్పియ్యాలె, ఇప్పియ్యాలె" అని అరిచారు. వెల్ఫేర్ ఆఫీసరు తల పట్టుకున్నాడు. కమిటీ అంతటితో ముగిసింది. మెట్లు దిగుతుంటే ఫోర్‌మన్ నా పక్కకు వచ్చి, "గా పిల్లెవరో నాకు తెల్వది, తెల్వొద్దు" అన్నాడు. "గాని సార్, నా బ్యాచులు నిజంగ మంచియే."

నేను పూర్తిగా గెలిచానని చెప్పలేను. నెల తిరిగేసరికి ఛానల్ తీసేసి, ఆ స్థానంలో క్యాసెట్ల సినిమాలు పెట్టారు. దస్తావేజును నాశనం చేసినందుకు నాకు ఒక మెమో, కార్యదర్శి పదవి నుంచి విముక్తి. మెమోలోని ప్రతి వాక్యమూ వాస్తవమే కనుక జవాబు రాయలేదు. ఆ ఇద్దరూ మాత్రం కర్మాగారం మూతపడేదాకా అదే క్వార్టరులో ఉన్నారు. మా అనలిస్టూ నేనూ మరికొన్నేళ్ళు పక్కపక్కనే పనిచేశాం. ఆ చీటీ గురించి నేను ఒక్క మాటైనా ఎత్తలేదు. అది గౌరవమనుకున్నాను.

ఈ వ్యాసం రాయాలనుకున్నప్పుడు ఆమె అనుమతి అవసరమైంది. ఖమ్మంలో దిగి, షేర్ ఆటోలో ఖానాపురం హవేలి వెళ్ళాను. తలుపు తీసింది నర్సు. జుట్టు నెరిసింది. "లెక్కల సార్ వచ్చిండు" అని లోపలికి కేకేసింది. వాళ్ళిద్దరూ కలిసి కట్టుకున్న ఇల్లది. గోడకు ఇద్దరి ఫొటో ఒకటే ఉంది.

రాసుకెళ్ళినదంతా చదివి వినిపించాను. రంధ్రాల దగ్గరికి వచ్చేసరికి అనలిస్టు నవ్వింది.

"సార్, మీరు గుచ్చింది నా డబ్బాల సూదితోటి. వాపస్ పెట్టినప్పుడు మొన వంగున్నది. చీటీ అందినంక ఎలుగుకు పట్టి చూసిన. నాకు ముందే ఎరికె."

చదువుతున్న కాగితాలు ఒళ్ళో పెట్టుకున్నాను. "మరి తెలిసీ ఎందుకు రాశావమ్మా?"

"మీకే రాసిన. మీరు లెక్కపెట్టకుంట ఉండలేరని తెల్సు. ఎవలకన్న ఒక్కరికి చెప్పాలనిపించింది, నోటితోటి రాలే."

"బోర్డు మీద పెడతానని అనుకోలేదా?"

"అనుకోలే" అంది నర్సు, చాయ్ గ్లాసు నా ముందు పెడుతూ. "నాలుగు దినాలు ఇద్దరం అన్నం తినలే. ఆయన లెక్కల మనిషి, ఆయనకేం రాస్తవే అని దీన్ని మస్తు తిట్టిన. సోమారం ఇంటికొచ్చి, కాయితం ఉడకబెట్టిండే అని చెప్పి ఏడ్సింది. గప్పుడు తిన్నం."

నా మూడు తప్పులను నేను చాలా ఏళ్ళ క్రితమే లెక్క కట్టుకున్నాను. ఒక మనిషి నన్ను ఎంచుకుని చెప్పిన మాటను డేటా అనడం ఆ లెక్కలోకి రాలేదు. ఆమెను అడిగాను, అందరిలో నాకే ఎందుకు రాయాలనిపించిందని.

"గా దినం హాల్ల ఆమె ఆ మాట చెప్పినప్పుడు అందరు టీవీ దిక్కే చూస్తున్నరు" అంది. "మీరొక్కరు ఎనకకు మర్రి నా దిక్కు చూసి నవ్విండ్రు సార్. మన ల్యాబుల నవ్వుకున్నట్టె. గా నవ్వు చూసి ధైర్నం జేసిన."

నాకు గుర్తులేదు. మీటరు వైపు చూస్తూ ఉండి ఉంటానని పైన రాశాను, దాన్ని కొట్టివేయడం లేదు. నేను వెనక్కి తిరిగానో లేదో చెప్పగల మూడో మనిషి లేడు. ఒకవేళ నవ్వినా, నవ్వింది ఆమెను చూసేనా, ఎప్పటిలా నాయిక మాటకా, తేల్చే మార్గం లేదు. ఆ మాటే ఆమెతో అన్నాను.

"నాకు యాదికున్నది సార్" అంది ఆమె.

ఫోర్‌మన్ ఇప్పుడు లేడు. ఉంటే తన మూడు బ్యాచులు తిరిగి ఇమ్మనేవాడు, ఇవ్వవలసి వచ్చేది. ఆ సాయంత్రం నేను వెనక్కి తిరిగి ఆమెను చూసి నవ్వాను. ఇప్పుడది రాతలో ఉంది.